మాలకొండమ్మ గారి అటూ ఇటూ

మాలకొండమ్మ గారు ఏ మాట చెప్పినా దానికొక తోక ఉంటుంది. ఆ తోక పేరు ‘అటూ ఇటూ’. టైమెంతయింది అని అడిగితే, "పదిన్నర. నిమిషం అటూ ఇటూ" అంటారు. మీ ఇంటికి సముద్రం ఎంత దూరమండీ అంటే, "రెండు వందల గజాలు. ఒక అల అటూ ఇటూ" అంటారు. కాఫీలోకి చక్కెర ఎంత వేయమంటారు అని అడిగినవాళ్ళు ఆ కాఫీని చల్లారాకే ఇవ్వగలిగేది. తోక లేకుండా ఎవరైనా ఒక అంకె చెబితే, చొక్కా లేకుండా పెళ్ళికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

ఆ మధ్య ఏదో సర్వే కోసం అనూష అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వాళ్ళింటికి వచ్చింది.

"మీ వయసు మేడమ్?"

"అరవై మూడు. ఏడాది అటూ ఇటూ."

"ఏదో ఒకటి చెప్పండి మేడమ్. ట్యాబ్ ఒప్పుకోదు."

"ఉప్పెన వచ్చిన ఏడు పుట్టినానని మా అమ్మ చెప్పింది. ఏ ఉప్పెనో చెప్పకుండా పోయింది. మాకు ఉప్పెనలకేం తక్కువమ్మా?"

అనూష చాలాసేపు బతిమాలి, చివరికి ఆమెకు తెలియకుండా అరవై మూడు నొక్కి బయటపడింది. ఆ సంగతి తెలిసి మాలకొండమ్మ గారు బస్టాపు దాకా వెంటపడ్డారని చెప్పుకుంటారు. నేను చూడలేదు. నమ్మాను.

మైపాడుకు కాస్త దక్షిణంగా ఉన్న ఒక పాలెంలో పుట్టిన మనిషి ఆమె. తండ్రిది చేపల వేట. కూతురి చదువు మాత్రం అనుకూలమైన గాలి దొరికిన పడవలా నెల్లూరు, తిరుపతి దాటి బెంగళూరు దాకా పోయింది. అక్కడ ఒక పెద్ద పరిశోధన సంస్థలో ఉద్యోగం. ఉద్యోగమంతా గెలాక్సీల వెంట, నక్షత్రాల గుంపుల వెంట, వాటి నడుమ నక్కి కూర్చున్న కృష్ణబిలాల వెంట పడటమే. రిటైరయ్యాక పాలెం వచ్చేసి తమ్ముడి మిద్దె మీద ఒక గది కట్టుకున్నారు. చుక్కలు చూసుకోవడానికి దానికి గుండ్రటి గోపురం కావాలన్నారు. అలాంటివి చేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారు? ఫైబర్ పడవలు చేసేవాళ్ళే చేసిపెట్టారు. వాళ్ళ చేతికి అలవాటైన ఆకారం ఒకటే కాబట్టి, రోడ్డు మీద నుంచి చూస్తే మిద్దె మీద పడవ బోర్లా పడినట్టుంటుంది. పడవ ముక్కుకు వేసినట్టే అలవాటు కొద్దీ దానికి రెండు కళ్ళు కూడా వేసేశారు. చెరిపేస్తామంటే ఆమె వద్దన్నారు.

ఆమె అటూఇటూల బాధ అందరికంటే ఎక్కువ పడేది తమ్ముడి భార్య వనజాక్షి.

"వదినా, పులుసులో ఉప్పు చూడు" అంటుంది ఆమె.

మాలకొండమ్మ గారు అరచేతిలో ఒక చుక్క వేసుకుని, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంటారు. "అర చెంచా పడుతుంది. పావు అటూ ఇటూ."

"ఆ పావులోనే కదా వదినా పులుసుండేది! చప్పగా ఉందా, సరిపోయిందా? ఒక్క మాట చెప్పు."

"ఒక్క చుక్కకు ఒక్క మాట ఎట్టా చెప్తానే? ఇంకో రెండు చుక్కలు వెయ్యి."

వనజాక్షి ఫిర్యాదు ఏమిటంటే, ఆ ఇంట్లో పులుసు వడ్డనకు కాదు, కొలతలకే అయిపోతుంది.

నాకు ఆమె పరిచయమైంది కూడా ఒక తోక వల్లే. అప్పుడామె ఇంకా బెంగళూరులోనే ఉన్నారు. నక్షత్రాల గుంపు ఒకదాని మధ్యలో మూడు వేల సూర్యుళ్ళంత బరువున్న కృష్ణబిలం ఉండవచ్చని ఆమె బృందం తేల్చింది. మా జిల్లా మనిషి కదా అని మా పేపర్లో మొదటి పేజీలో వేశాం. ‘మూడు వేల సూర్యుళ్ళను మింగిన కృష్ణబిలం! కనిపెట్టిన నెల్లూరు ఆడపడుచు!’ హెడ్డింగు నాదే. ఆ ఉదయం దాన్ని చూసుకుని మురిసిపోతూ టీ తాగుతుండగా ఫోన్ వచ్చింది.

"నరేంద్రబాబు గారంటే మీరేనా? అది ఎవురినీ మింగలేదండీ. దాని బరువు అంత ఉంది, అంతే. మీ బరువెంత?"

"డెబ్బై ఎనిమిది."

"అంటే మీరు డెబ్బై ఎనిమిది కేజీల మనిషిని మింగినారా?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను. "పొరపాటే మేడమ్. సవరణ వేస్తాం."

"రెండో పొరపాటు ఉంది. మూడు వేలు కాదు. మూడు వేలు, వెయ్యి అటూ ఇటూ."

"మేడమ్, అటూఇటూలు హెడ్డింగులో పట్టవు."

"అయితే మూడు వేలు తీసెయ్యండి. అటూ ఇటూ ఉంచండి."

ఆ సవరణ వేసేదాకా ఆమె వదల్లేదు. మర్నాడు లోపలి పేజీలో ‘నిన్నటి కృష్ణబిలం బరువులో వెయ్యి సూర్యుళ్ళ తేడా ఉండవచ్చును’ అని వేశాం. పొలం హద్దుల తగాదా వార్త పక్కన పడిందది. పాఠకులు ఎవరూ గమనించలేదు గానీ, ఆమె మాత్రం ఫోన్ చేసి "ఇప్పుడు మీ పేపర్ని నమ్మొచ్చు" అన్నారు. ముప్పై ఏళ్ళ వృత్తిలో నాకు దక్కిన పెద్ద బిరుదు అదే. అప్పట్నుంచీ సంతోషంగా ఉంటే నరేంద్రా అని, కోపంగా ఉంటే నరేంద్రబాబు గారూ అని పిలుస్తారు.

కనపడని కృష్ణబిలం అక్కడుందని ఎట్లా తెలుస్తుందని ఒకసారి అడిగాను. ఆమె నన్ను ఒడ్డుకు తీసుకెళ్ళి, నీళ్ళ మీద గిరగిరా తిరుగుతున్న పిట్టల్ని చూపించారు.

"అవి ఎందుకు తిరుగుతుండాయి నరేంద్రా?"

"కింద చేపల గుంపు ఉంది కాబట్టి."

"చేపలు నీకు కనపడుతుండాయా?"

"లేదు."

"నక్షత్రాలే నా పిట్టలు. ఎంత వేగంగా తిరుగుతుండాయో చూస్తే కింద ఎంత బరువుందో తెలుస్తాది. కాకపోతే పిట్టల్ని లెక్కబెట్టేటప్పుడు కొన్ని నీళ్ళలో మునుగుతాయి, కొన్ని రెండుసార్లు కనపడతాయి. అందుకే అటూ ఇటూ. అది చెప్పకపోతే నేను చెప్పింది సైన్సు కాదు, గొప్పలు."

ఒకసారి అంగన్‌వాడీ టీచరు రెబెక్కమ్మ బలవంతం మీద పాలెం ఆడవాళ్ళకు గెలాక్సీల గురించి చెప్పారు. మన గెలాక్సీ, పక్కనున్న పెద్ద గెలాక్సీ కొన్ని వందల కోట్ల ఏళ్ళకు ఒకదానిలో ఒకటి దూరిపోవచ్చు అన్నారు. వెనక నుంచి ఒకామె గుండె పట్టుకుంది.

"అయితే అక్కా, మేము స్లాబు వేసుకోవచ్చా వద్దా?"

"వేసుకోమ్మా. సిమెంటు ఆరేదాకా ఏం కాదు."

"నిజంగా గుద్దుకుంటాయా అక్కా?"

"గుద్దుకుంటాయనే చెప్పుకొనేవాళ్ళం. ఇప్పుడు కొత్త లెక్కలు చూస్తే సగానికి సగమే అంటుండారు" అని చెప్పి, ఆడబిడ్డ పెళ్ళి కుదిరినంత సంబరంగా నవ్వారు. కోట్ల ఏళ్ళ తర్వాత ఖాయమనుకున్నది కూడా అటూ ఇటూ అయిందని ఆమెకు అంత ఆనందం.

రెబెక్కమ్మ ఆ సాయంత్రం నాతో అంది: "మంచామె అన్నా. కానీ ఆమెను సాక్ష్యానికి మాత్రం పిలవకూడదు."

సరిగ్గా అందుకే పిలిచారు.

మా తీరంలో దురాయి అని ఒక కట్టుబాటు ఉంది. పాలెం పెద్దకాపు చాటింపు వేయిస్తాడు, అందరూ దానికి కట్టుబడాలి. గంగమ్మ జాతర రోజుల్లో వేట ఉండదు. జాతర ముగిసిన మర్నాడు తెల్లారగట్ల వేగుచుక్క పొడిచేదాకా పడవ నీళ్ళు తాకకూడదు. తాకితే ఆ వేటకాలమంతా ఆ పడవ ఇసుకలోనే. పెద్దకాపు పోలేరయ్య రెండేళ్ళ కిందట సొంత అల్లుడి పడవనే ఇసుకలో కూర్చోబెట్టాడు. కూతురు ఇప్పటికీ ఆయనతో మాట్లాడదు.

కిందటేడు చిన్నపోలయ్య చిక్కుకున్నాడు. జాతరకు ముందు వేసిన వల సముద్రంలోనే ఉండిపోయింది. ఆఖరి రాత్రి గాలి తిరిగింది. వల కొట్టుకుపోతే ఇక అతని చేతిలో ఏమీ ఉండదు. చీకట్లోనే పడవ దించి, చిరిగిన వలతో తిరిగొచ్చాడు. ఒక్క చేప కూడా తేలేదు. కానీ దురాయి ఎందుకు దించావని అడగదు, ఎప్పుడు దించావనే అడుగుతుంది. ఆ పడవ ఇసుకలో కూర్చుంటే దాని మీద బతికే మూడిళ్ళలో పొయ్యి రాజదు. వదిలేస్తే, అల్లుడికొక న్యాయం పోలయ్యకొక న్యాయమా అని రేపట్నుంచి దురాయిని లెక్కచేసేవాడుండడు.

ఆ రోజు నేను ఆదివారం పేజీకి మాలకొండమ్మ గారి మీద వ్యాసం రాసుకుందామని వెళ్ళి, ఆమె వెంట పంచాయితీకి వెళ్ళాల్సి వచ్చింది. వలలు కుట్టే షెడ్డులో మధ్యాహ్నం పూట కూర్చున్నారు. చిన్నపోలయ్య తల వంచుకుని నిలబడ్డాడు. అతని భార్య మహాలక్ష్మి మాత్రం తల ఎత్తుకునే ఉంది.

"వల కోసం పోయినాడు, దొంగతనానికి కాదు" అంది.

"ఎందుకు పోయినాడో మాకు తెలుసమ్మే. వేగుచుక్క కంటే ముందు పోయినాడా, వెనక పోయినాడా, అది తేలాల" అన్నాడు పోలేరయ్య. "నక్షత్రాల మనిషి మనూళ్ళోనే ఉండాది. ఆమె ఏం చెప్తే అది."

మహాలక్ష్మి ముఖం వాడిపోయింది. వెయ్యి సూర్యుళ్ళ కోసం పేపరు వాళ్ళతో తగాదా పడిన మనిషి, నిమిషాలను వదులుతుందా? నా ప్రాణం కూడా ఉసూరుమంది.

ఐసు ఫ్యాక్టరీ సుధాకర్ లేచి ఫోను చూపించాడు. వాళ్ళ కెమెరాలో పడవ దించడం పడింది. మూలన టైము కూడా ఉంది.

మాలకొండమ్మ గారు కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. "సుధాకరూ, ఇందులో తేదీ ఏందబ్బా? పన్నెండేళ్ళ కిందటిది ఉండాది. ఈ లెక్కన పోలయ్య నిక్కర్లు వేసుకొనేప్పుడే దురాయి తప్పినాడు."

షెడ్డంతా నవ్వింది. సుధాకర్ తల గోక్కున్నాడు. "తేదీ తప్పు గానీ టైము కరెక్టే అక్కా. ఫోను చూసి పెట్టినా."

"ఎప్పుడు పెట్టినావు?"

"ఉగాదికి."

"ఏ ఉగాదికి?"

సుధాకర్ కూర్చున్నాడు.

"కాబట్టి దించిన టైముకు కొంత అటూ ఇటూ" అన్నారామె. "ఇప్పుడు వేగుచుక్క సంగతి. పొడవడమంటే ఏంది పోలేరయ్యన్నా? సముద్రం గీతను తాకితేనా, గీత దాటితేనా, మన కంటికి ఆనితేనా?"

"కంటికి ఆనితేనే."

"ఎవురి కంటికి?"

పెద్దలందరూ ఒక ముసలాయన వైపు తిరిగారు. వాళ్ళలో పెద్దవాడు ఓబులేసు. "నా కంటికే అనుకో" అన్నాడు గంభీరంగా.

"ఏ కంటికి మామా? నీకు కుడికంటికి శుక్లం తీసినారు, ఎడమకంటికి తియ్యలేదు. నీకు వేగుచుక్క రెండుసార్లు పొడుస్తాది."

ఓబులేసు ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, షెడ్డు కప్పు వైపు చూసి, "నిజమేరా" అన్నాడు.

"సరే, రెండు కళ్ళూ బాగున్నవాళ్ళ సంగతే చూద్దాం" అన్నారు మాలకొండమ్మ గారు. "ఆ రోజు మబ్బు. తూర్పున ఎవురికైనా వేగుచుక్క ఆనిందా?"

తలలు అడ్డంగా ఊగాయి.

"ఆనలేదు కదా. కంటికి ఆనడమే లెక్కయితే, ఆ రోజు దురాయి తీరనే లేదు. తెల్లారినాక మీరందరూ పడవలు దించినారు. పోలేరయ్యన్నా, నీ పడవ కూడా పోయిందే?"

ఒక్కసారి గోల లేచింది. అందరి పడవలూ ఇసుకలో కూర్చోవాల్సిన పరిస్థితి. పోలేరయ్య భుజం మీద తువ్వాలు తీసి గాలిలో ఊపాడు. "ఆగండబ్బా! కంటి లెక్క వద్దు. పుస్తకం లెక్కే చెప్పు తల్లీ."

పుస్తకం లెక్క మొదలైంది. గాలి వెలుగును వంచుతుంది కాబట్టి చుక్క నిజంగా పైకి రాకముందే కనపడుతుందన్నారు. ఆ వంపు చల్లటి తెల్లవారుజామున ఒక రకం, ఉక్కపోతలో ఒక రకం అన్నారు. ఇసుక గట్టెక్కి చూసేవాడికి ముందు, పడవలో కూర్చున్నవాడికి వెనక అన్నారు. అడుగడుక్కీ ఒక అటూ ఇటూ. ఓబులేసు కునుకు తీశాడు. సుధాకర్‌కు ఐసు లోడు గుర్తొచ్చింది. నాకు నా డెడ్‌లైను గుర్తొచ్చింది.

చివరికి ఆమె అన్నారు: "పడవ దించిన టైముకు ఇంత అటూ ఇటూ. చుక్క పొడిచిన టైముకు ఇంత అటూ ఇటూ. రెండూ ఒకదానిమీద ఒకటి పడిపోయినాయి. ముందా వెనకా అని నన్ను అడిగితే..."

"అడిగితే?" అంది మహాలక్ష్మి.

"చెప్పలేను."

పోలేరయ్య లేచి నిలబడ్డాడు. "అంత చదివినామె చెప్పలేనన్నాక నేను చెప్తే గంగమ్మ ఒప్పదు. దురాయి తప్పినట్టు తేలలేదు. పడవ దించుకోరా."

చిన్నపోలయ్యకు కాసేపు అర్థం కాలేదు. అర్థమైన మహాలక్ష్మి అతని వీపు మీద ఒకటి చరిచి, "వల బాగు చేసుకో పో" అంది. ఆ దెబ్బకు అతను నిజంగానే పరుగెత్తాడు.

నేను పోలేరయ్య పక్కన నడిచాను. "కాపూ, ఆమెకు నిజంగా తెలియదంటావా?"

"నువ్వు పేపరు మనిషివా, పసిబిడ్డవా?" అన్నాడు. "వేరే ఎవుర్ని పిలిచినా గడియారం చూసి ఒక్క మాట అనేస్తారు. ఒక్క మాట అనేస్తే నేను శిక్ష వెయ్యాల్సిందే. ఒక్క మాట అననిది ఈ జిల్లాలో ఈమె ఒక్కతే." నాలుగడుగులు వేసి, "ఓబులేసు కళ్ళ దాకా పోతాదని మాత్రం నేననుకోలేదబ్బా" అని నవ్వాడు.

నేను తిన్నగా మిద్దెక్కాను. మాలకొండమ్మ గారు కంప్యూటర్లో ఏవో నక్షత్రాల చుక్కలను పెద్దవి చేసి చూస్తున్నారు.

"లెక్క తేలిందా?" అన్నాను.

"తేలింది."

"ఎంత?"

చెప్పారు. పడవ ముందే దిగింది. ఎన్ని నిమిషాల ముందో చెప్పి, దానికి వెంట్రుకవాసి తోక ఒకటి తగిలించారు.

"మరి చెప్పలేనన్నారే?"

"చెప్పలేననే అన్నాను నరేంద్రా. తెలియదనలేదు."

"అంటే ఆ గాలి వంపులు, ఇసుక గట్లు, అన్నీ కల్పించినవేనా?"

కుర్చీ తిప్పి నా వైపు చూశారు. "నరేంద్రబాబు గారూ! నేను చెప్పిన పొరపాట్లలో ఒక్కటి కల్పించింది లేదు. మామూలుగా అయితే కొన్ని అటు లాగుతాయి, కొన్ని ఇటు లాగుతాయి, ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇవాళ అన్నిటినీ పోలయ్య వైపు నిలబెట్టినాను."

"సైన్సులో అది ఒప్పుకుంటారా?"

"ఛ, ఎవురొప్పుకుంటారు? జర్నలు వాళ్ళయితే వ్యాసం వెనక్కి పంపుతారు. పాలెం వాళ్ళు పడవ నీళ్ళలోకి పంపినారు."

కింద నుంచి వనజాక్షి కేక వేసింది. మహాలక్ష్మి ఎండు రొయ్యలు తెచ్చి గుమ్మంలో నిలబడింది, ఎంతకీ పోవడం లేదు, ఏం చెప్పమంటావు వదినా అని. మాలకొండమ్మ గారు పట్టుబడిన దొంగలా తలుపు చాటుకు జరిగి, నేను లేనని చెప్పమని చేతితో సైగ చేశారు.

నేను లేస్తూ, "ఇది రాస్తానండీ. ఇంత మంచి కథ వదిలితే నాకు నిద్ర పట్టదు" అన్నాను.

"రాసుకో. ఈ జాతర కథ మళ్ళీ జాతర అయినాక రాయి, అప్పటికి ఈ వేటకాలం ముగిసిపోతాది. ఆ నిమిషాలు మాత్రం వెయ్యొద్దు."

ఈ ఏటి జాతర అయింది. రాశాను. మా ఎడిటర్ చదివి, కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని, "అంతా బాగుంది గానీ, ఇంతకీ ఆ కుర్రాడు ఎన్ని నిమిషాల ముందు దించాడయ్యా?" అని అడిగారు.

"చెప్పలేను సార్" అన్నాను.